ఫోన్ లాకర్లో, వాకిన్ ఆదివారం: ఉన్న కంపెనీకి తెలియకుండా ఇంటర్వ్యూలు ఎలా?

ప్రశ్న: బొల్లారం పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో క్యూసీ (నాణ్యత పరీక్షల విభాగం) అనలిస్టుగా ఆరేళ్లుగా చేస్తున్నాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) సెక్షన్. మూడేళ్లుగా హోదా మారలేదు, జీతం అంతంతమాత్రం. బయట చూసుకుందామంటే వీలు కుదరడం లేదు. ల్యాబ్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. షిఫ్ట్ అయ్యాక లాకర్ తీస్తే నాలుగు మిస్డ్ కాల్స్ ఉంటాయి. మియాపూర్‌లో రూమ్, రూమ్మేట్లు ఇద్దరూ మా కంపెనీవాళ్లే. మా హెచ్‌ఆర్‌కు బయట కంపెనీల హెచ్‌ఆర్‌లతో బాగా స్నేహాలున్నాయంటారు. పోయిన ఆదివారం అమీర్‌పేటలో వాకిన్‌కు (నేరుగా వెళ్లి హాజరయ్యే ఇంటర్వ్యూకు) వెళ్తే మా సెక్షన్ సీనియర్ ఒకాయన అదే క్యూలో కనిపించాడు. అప్పట్నుంచి కంపెనీ బస్సులో ఆయన పక్కన కూర్చోవాలంటే గుబులుగా ఉంది. నోటీసు పీరియడ్ 60 రోజులు. విషయం బయటపడకుండా ఎలా నెట్టుకురావాలి? పీఎఫ్ నంబర్ ద్వారా ఏమైనా తెలిసిపోతుందా?
– ఒక పాఠకుడు, మియాపూర్

సమాధానం: ముందు ఆ సీనియర్ సంగతి తేల్చేద్దాం. ఆయన అక్కడికి మిమ్మల్ని పట్టుకోవడానికి రాలేదు. ఫైలు చంకన పెట్టుకుని, మీలాగే టోకెన్ కోసం వచ్చాడు. మీ గుట్టు ఆయన చేతిలో ఎంత ఉందో, ఆయన గుట్టు మీ చేతిలో అంతే ఉంది. ఇప్పుడు మీకు ముప్పు ఆయన నోటి వల్ల కన్నా మీ ముఖం వల్లే ఎక్కువ. రోజూ కబుర్లు చెప్పుకునే ఇద్దరు ఉన్నట్టుండి చెరో చివర కూర్చుంటే, వెనక సీటువాళ్లు కారణం వెతకడం మొదలుపెడతారు. రేపు ఎప్పటిలాగే పక్కన కూర్చోండి. బస్సు దిగాక, ఎవరూ లేనప్పుడు, "అన్నా, ఆదివారం సంగతి మన మధ్యనే ఉండనీ" అని ఒక్క మాట అనండి. అక్కడితో ఆపేయండి. ఇంటర్వ్యూ ఎలా అయింది, ఎంత అడిగావు, ఫోన్ వచ్చిందా అని ఆరా తీయొద్దు. ఇద్దరూ ఒకే చోటికి వెళ్లారు. రేపు ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోతే, ఆ కబుర్లే కడుపులో దాగకుండా బయటికొస్తాయి.

ఇక మిగతావి. వేరే ఉద్యోగం వెతుక్కోవడం తప్పేం కాదు, దాచాల్సింది కూడా మీరనుకుంటున్నంత లేదు. చాలామంది ఇరుక్కునేది ఇంటర్వ్యూకు వెళ్లి కాదు, దాన్ని కప్పిపుచ్చబోయి. ఉత్తుత్తి జ్వరాలకు డాక్టరు సర్టిఫికెట్ కొన్నవాళ్లు, ఎప్పుడో పోయిన అమ్మమ్మను సెలవు కోసం మళ్లీ చంపినవాళ్లు ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. చెప్పకుండా ఉండటానికి మీకు హక్కుంది. అబద్ధమాడితే మాత్రం దాన్ని గుర్తుపెట్టుకోవాల్సిన పని కూడా మీదే అవుతుంది. కింద రాసేవన్నీ అబద్ధం అవసరం పడకుండా చూసుకునే పద్ధతులే.

వాకిన్‌తో మొదలుపెడదాం. మందుల కంపెనీలు వాకిన్‌లు ఆదివారం పెట్టేదే, ఉద్యోగంలో ఉన్నవాళ్లు సెలవు పెట్టకుండా రావాలని. ఆ వెసులుబాటు వల్లే జీడిమెట్ల, బాచుపల్లి, పాశమైలారం, బొల్లారం జనమంతా ఒకే హోటల్ లాబీలో చేరతారు. తెలిసినవాళ్లు ఎవరూ కనపడకపోతేనే వింత. దాన్ని మీరు ఆపలేరు. కానీ తలుపు పక్కన బల్ల మీద ఒక రిజిస్టర్ పెడతారు చూడండి, అసలు జాగ్రత్త అక్కడ కావాలి. పేరు, ఫోన్ నంబర్, ప్రస్తుత కంపెనీ, ఇప్పటి జీతం, అడుగుతున్న జీతం, నోటీసు పీరియడ్ అని గళ్లుంటాయి. మీ తర్వాత సంతకం పెట్టే ప్రతివాడూ పై వరుసలన్నీ చదివాకే తన పేరు రాస్తాడు. కంపెనీ గడిలో "ఫార్ములేషన్స్, క్యూసీ" అనో "బల్క్ డ్రగ్స్, క్యూసీ" అనో రాయండి, జీతం గడిలో "ఫారమ్‌లో" అని రాయండి. బల్ల దగ్గరి అబ్బాయి అడిగితే "లోపల ఇచ్చే అప్లికేషన్‌లో నింపుతాను" అనండి. ఆ లోపలి అప్లికేషన్‌లో మాత్రం దేన్నీ దాచొద్దు, అది కంపెనీ రికార్డు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫోన్లోనే నింపమంటే ఈ బెడద లేదు.

వెళ్లే వేళ కూడా ముఖ్యమే. తొమ్మిదింటి వాకిన్‌కు ఎనిమిదికే వెళ్తే ముందు టోకెన్ దొరికి మధ్యాహ్నంలోపు బయటపడొచ్చు. పదిన్నరకు వెళ్తే మూడింటి దాకా ఆ కుర్చీలోనే కూర్చుని, వచ్చేపోయేవాళ్లందరికీ దర్శనమివ్వాలి. కంపెనీ పేరున్న బ్యాగు, ఐడీ కార్డు తాడు, వార్షికోత్సవంలో ఇచ్చిన టీషర్టు ఇంట్లో వదిలేయండి. ఇంకొకటి: చాలా ప్రకటనల చివర "గత ఆరు నెలల్లో మా ఇంటర్వ్యూకు హాజరైనవారు రావద్దు" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలవాటు కోసమని కనపడిన ప్రతి వాకిన్‌కూ వెళ్తే, నిజంగా కావాల్సిన చోట ఆ ఆరు నెలలు అడ్డం పడతాయి. పైగా ఎన్ని చోట్ల కనిపిస్తే అంత ప్రచారం. మీ అనుభవానికి సరిపోయే నాలుగైదు కంపెనీలు ఎంచుకుని వాటికే వెళ్లండి.

ఫోన్ సంగతి. ల్యాబ్‌లో ఫోన్ ఉండదని ఫార్మా హెచ్‌ఆర్‌లకు తెలుసు. వాళ్లకు తెలియనిది మీ షిఫ్ట్. వాళ్ల ముందు యాభై పేర్ల జాబితా ఉంటుంది, రెండుసార్లు ఎత్తకపోతే కింది పేరుకు వెళ్లిపోతారు. అందుకే రెజ్యూమెలో ఫోన్ నంబర్ కిందే "షిఫ్ట్ డ్యూటీ, ముందు మెసేజ్ పెట్టండి, అదే రోజు తిరిగి ఫోన్ చేస్తాను" అని ఒక లైను చేర్చండి. మిస్డ్ కాల్ చూడగానే లాకర్ గదిలో పదిమంది మధ్య నిలబడి ఫోన్ చేయొద్దు. బస్సులో అసలే వద్దు. ఇలాంటి మెసేజ్ ఒకటి ముందే రాసి పెట్టుకుని పంపండి (ఇంగ్లిష్‌లో పంపినా విషయం ఇదే):

"నమస్తే సార్. మీ కాల్ ఇప్పుడే చూశాను, ల్యాబ్‌లో ఫోన్ అనుమతి లేదు. ఈ వారం ఉదయం ('ఏ') షిఫ్ట్, మధ్యాహ్నం మూడున్నర తర్వాత మాట్లాడగలను. వచ్చే వారం మధ్యాహ్నం ('బీ') షిఫ్ట్, ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా వీలు. ఇంటర్వ్యూ కూడా ఈ వేళల్లో పెట్టగలిగితే సెలవు లేకుండా వస్తాను. నా అప్లికేషన్ విషయం దయచేసి గోప్యంగా ఉంచండి, ప్రస్తుత కంపెనీలో ఎవరినీ అడగొద్దు."

ఇందులో చివరి వాక్యం రాతపూర్వకంగా వెళ్లడం చాలా అవసరం. ఎందుకో కింద చెప్తాను.

మీ షిఫ్ట్ రోస్టరే మీ ఇంటర్వ్యూల క్యాలెండర్. 'ఏ' షిఫ్ట్ ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా అయితే, బస్సు దిగి, స్నానం చేసి, మూడున్నర, నాలుగుకు ఎక్కడైనా ఉండగలరు. మియాపూర్ నుంచి అమీర్‌పేటకు మెట్రో నేరుగా ఉంది కాబట్టి ట్రాఫిక్ సాకు కూడా అక్కర్లేదు. బీ షిఫ్ట్ వారం ఉదయాలన్నీ మీవే, కానీ ఒంటిగంట బస్సు తప్పిపోయేంత దూరంలో ఒప్పుకోవద్దు. జడ్చర్లకో, నగరానికి ఆ చివర ఉన్న ప్లాంటుకో రమ్మంటే అది వీక్లీ ఆఫ్ రోజు పనే. నైట్ షిఫ్ట్ దిగి నేరుగా ఇంటర్వ్యూకు మాత్రం పోవద్దు. ఓఓఎస్ (పరిమితి దాటిన పరీక్ష ఫలితం) ఎలా హ్యాండిల్ చేస్తారని అడిగితే విచారణలోని ఫేజ్ వన్, ఫేజ్ టూ తలకిందులవుతాయి. సహోద్యోగితో షిఫ్ట్ మార్చుకోవడం తేలికగా కనిపిస్తుంది గానీ, టీఎల్ (టీమ్ లీడర్) సంతకం కావాలి, కారణం చెప్పాలి, మార్చుకున్నవాడికి బాకీ పడాలి. ఇంటర్వ్యూ వేళను షిఫ్ట్‌కు తగ్గట్టు జరపమని అడగడమే నయం. అడిగితే చాలా చోట్ల జరుపుతారు.

సెలవు తప్పనిసరైతే సీఎల్ పెట్టి, కారణం గడిలో "సొంత పని" అని రాయండి. అది నిజం. అంతకు మించి ఒక్క అక్షరం వద్దు. గంటా రెండు గంటల పర్మిషన్ మీద గేట్ పాస్ రాయించుకునే అలవాటు మీ దగ్గరుంటే, దాన్ని ఇంటర్వ్యూకు వాడకండి. బయటికెళ్లిన వేళ, తిరిగొచ్చిన వేళ సెక్యూరిటీ రిజిస్టర్లో పడతాయి, ఇంటర్వ్యూ ఆలస్యమైతే సంజాయిషీ మొదలవుతుంది. దానికన్నా పూట సెలవు నయం, పూట కన్నా రోజు నయం. ఒకే సెలవులో ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి పెట్టుకోగలిగితే ఇంకా మంచిది. వరసగా మూడు వారాలు ఒకే రోజు సెలవు పెడితే మీ టీఎల్ లెక్క కట్టేస్తాడు. ఆదివారం పనిచేసినందుకు వచ్చిన కాంప్ ఆఫ్‌లు (బదులు సెలవులు) ఏమైనా మిగిలి ఉంటే ముందు అవి వాడండి, వాటికి ఎవరూ కారణం అడగరు. ఆడిట్ తేదీలు ప్రకటించిన వారాల్లో మాత్రం ఏ ఇంటర్వ్యూకూ ఒప్పుకోకండి. అప్పుడు సెలవు దొరకదు, దొరికినా అందరికీ గుర్తుండిపోతుంది.

బట్టలు ఇంకో ఆనవాలు. రోజూ చెప్పులతో బస్సెక్కే మనిషి ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లతో ఎక్కితే "ఏంటి బాస్, పెళ్లిచూపులా?" అని ఎవరో ఒకరు అంటారు. బస్సు మొత్తం నవ్వుతుంది, ఒకరిద్దరు ఆలోచిస్తారు.

రూమ్ విషయంలో మీరు భయపడటంలో అర్థముంది. వీడియో ఇంటర్వ్యూలో మీ గొంతు ఒక్కటే వినిపించినా, "సిస్టమ్ సూటబిలిటీ", "టెయిలింగ్ ఫ్యాక్టర్", "ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ" (అడుగుతున్న మొత్తం జీతం) అనే మూడు మాటలు చాలు రూమ్మేట్లకు కథ అర్థం కావడానికి. వాళ్లు డ్యూటీలో ఉండే షిఫ్ట్ చూసుకోండి, లేదా వేరే ఏరియాలో ఉన్న స్నేహితుడి ఇంట్లో ఒక గది అడగండి. కాఫీ షాపులో మాటలు పక్క బల్లకూ వినపడతాయి, వైఫై నమ్మకం లేదు. మొబైల్ డేటా మీద గంట వీడియో కాల్‌కు సుమారు ఒక జీబీ ఖర్చవుతుంది, ఆ రోజు కోటా ఉందో లేదో పొద్దున్నే చూసుకోండి. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా పుస్తకాల దొంతరకు ఆనించి కళ్ల ఎత్తులో పెట్టండి. ఫోన్లో కంపెనీ మెయిల్‌తో టీమ్స్ యాప్ ఉంటే ఒక ప్రమాదముంది. ఇంటర్వ్యూ లింకు నొక్కగానే అదే ఖాతాతో తెరుచుకోవచ్చు. అప్పుడు అవతల మీ పేరు కంపెనీ ఖాతా మీద కనపడుతుంది, ఇవతల మీ స్టేటస్ ఎర్ర చుక్కతో "కాల్‌లో ఉన్నారు" అని మీ టీఎల్‌కు కనపడుతుంది. సొంత ల్యాప్‌టాప్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, సైన్ ఇన్ కాకుండా పేరు టైపు చేసి అతిథిగా చేరండి. ల్యాప్‌టాప్ లేకపోతే ముందురోజే ఫోన్లో ఆఫీసు ఖాతా సైన్ అవుట్ చేసి, ఒకసారి పరీక్షించి చూడండి.

మీరు రోజూ పనిచేసే ఎంపవర్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఇంటిగ్రేషన్ మార్పుకూ ఆడిట్ ట్రెయిల్ (ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారన్న రికార్డు) పడుతుంది కదా. ఆఫీసు కంప్యూటర్లో మీరు తెరిచే జాబ్ సైటుకూ, ఆఫీసు ప్రింటర్లో తీసే రెజ్యూమెకూ అలాంటి లాగ్ ఐటీ వాళ్ల దగ్గర ఉండొచ్చనే అనుకోండి. జిరాక్స్ షాపులో పది రూపాయల పని అది. రెజ్యూమె ఫైలు కూడా ఆఫీసు సిస్టమ్‌లో తయారుచేస్తే ప్రాపర్టీస్‌లో కంపెనీ పేరు నిలిచిపోతుంది, ఇంట్లో కొత్తగా టైపు చేసుకోండి.

నౌకరీలో ప్రొఫైల్ ఉంటే సెట్టింగుల్లో కంపెనీలను బ్లాక్ చేసే వీలుంది. మీ కంపెనీ పేరుతో పాటు అదే గ్రూపు సంస్థల పేర్లు, పాత పేర్లు, పేరులో లిమిటెడ్, ప్రైవేట్ లిమిటెడ్ తేడాలు అన్నీ విడివిడిగా చేర్చండి. ఇక్కడ చాలామంది మరిచిపోయే సందొకటి ఉంది. మీ కంపెనీకి మనుషుల్ని వెతికిపెట్టే కన్సల్టెన్సీ తన సొంత లాగిన్‌తో చూస్తుంది, దానికి ఆ బ్లాక్ వర్తించదు. కాబట్టి ప్రొఫైల్‌లో ప్రస్తుత కంపెనీ పేరున్నా హెడ్‌లైన్‌లో "తక్షణం మారాలనుకుంటున్నాను" లాంటి మాటలు పెట్టకండి. కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న మీదే కావాలి: "ఏ కంపెనీకి సార్?" పేరు చెప్పకుండా రెజ్యూమె పంపమంటే పంపొద్దు. మీ రెజ్యూమె తిరిగి తిరిగి మీ హెచ్‌ఆర్ మెయిల్‌కే చేరే దారి ఇదే. ఒకే కంపెనీకి ఇద్దరు కన్సల్టెంట్లు మీ పేరు పంపినా మీకే నష్టం, కమీషన్ ఎవరిదన్న తగువులో మీ ఫైలు పక్కనపడుతుంది. లింక్డ్‌ఇన్‌లో ఫొటో చుట్టూ ఆకుపచ్చ ఫ్రేము వద్దు, రిక్రూటర్లకు మాత్రమే కనపడే ఎంపిక పెట్టుకోండి. అది కూడా పూర్తి గోప్యతకు హామీ కాదని లింక్డ్‌ఇనే చెప్తుంది.

ట్రూకాలర్ ఉంటే, మీరు నంబర్ సేవ్ చేయకపోయినా ఫలానా ఫార్మా హెచ్‌ఆర్ అని పెద్ద అక్షరాలతో తెర మీద పడుతుంది. క్యాంటీన్ బల్ల మీద ఫోన్ బోర్లా పెట్టడం అలవాటు చేసుకోండి. ఉద్యోగం పేరిట రిజిస్ట్రేషన్ ఫీజనో, మెడికల్ టెస్టు డిపాజిట్ అనో డబ్బు అడిగితే అది మోసమే. గుట్టుగా వెతుక్కునేవాళ్లు నలుగురినీ అడగలేరు కాబట్టి ఇలాంటివాళ్లకు సులువుగా దొరికిపోతారు.

కాగితాల దగ్గరికొద్దాం. మూడు నెలల పే స్లిప్పులు, చివరి ఇంక్రిమెంట్ లెటర్, ఫారమ్ 16, అపాయింట్‌మెంట్ ఆర్డర్: దాదాపు అందరూ అడిగేవి ఇవే. వీటి కోసం ఆఫర్ దగ్గర పడ్డాక హెచ్‌ఆర్ దగ్గరికి పరుగెత్తితే గంట కొట్టి చెప్పినట్టే. ఇవాళే మొదలుపెట్టి, ప్రతి నెలా జీతం పడిన రోజున పే స్లిప్ డౌన్‌లోడ్ చేసి సొంత మెయిల్లో దాచుకోండి. నెలనెలా చేసే పనిలో ఎవరికీ వింత కనపడదు. మొదటి రౌండులోనే పే స్లిప్పులు ఇవ్వక్కర్లేదు, "ఎంపికైతే ఇస్తాను" అనొచ్చు. ఇచ్చేటప్పుడు ప్రతి కాపీ మీద ఫలానా కంపెనీ ఇంటర్వ్యూ నిమిత్తం అని అడ్డంగా రాసి తేదీ వేయండి. ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ కాపీ చాలు. జీతం పెంచి చెప్పొద్దు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటి అడిగితే బండారం బయటపడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. ఎస్‌ఓపీలు (పని పద్ధతి పత్రాలు), మెథడ్ కాపీలు, క్రోమటోగ్రామ్‌లు (పరీక్ష గ్రాఫులు), మీ అనలిస్ట్ క్వాలిఫికేషన్ రికార్డులు ఫొటో తీసి కూడా బయటికి తీసుకెళ్లకండి. ఇది గోప్యత ఒప్పందాన్ని మీరడం, ఉద్యోగం పోయే తప్పు. ఇంటర్వ్యూలో చూపిస్తే మెచ్చుకుంటారనుకోవడం అమాయకత్వం. రేపు మా కాగితాలూ ఇలాగే బయటికెళ్తాయన్నమాట అని అనుకుంటారు. పని గురించి చెప్పేటప్పుడు మందు పేరు, కస్టమర్ పేరు వదిలేసి "ఒక యాంటీడయాబెటిక్ టాబ్లెట్, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్ మెథడ్" అంటే చాలు. అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీలో 483 (గమనించిన లోపాలు రాసిచ్చే ఫారమ్) వచ్చిందా అని తరచి అడుగుతారు. బయటికి తెలిసినంత వరకు చెప్పండి. దాని మీద లోపల జరిగిన విచారణ, కాపా (దిద్దుబాటు, నివారణ చర్యల) వివరాలు మీరు చెప్పదగ్గవి కావు. "అవి చెప్పలేను సార్, కానీ అలాంటి అబ్జర్వేషన్ వస్తే నేనెలా విచారిస్తానో చెప్తాను" అనండి. ఈ జవాబుకు మార్కులు పడతాయి.

మీ హెచ్‌ఆర్ స్నేహాల గురించి. నిజమే, ఫోన్ చేసి "మీ దగ్గర ఫలానా కుర్రాడెలాంటివాడు?" అని అడిగే అలవాటు ఈ రంగంలో ఉంది. దాన్ని పూర్తిగా అరికట్టలేరు. కానీ చాలా సందర్భాల్లో వాళ్లు గుట్టు విప్పాలని అడగరు, అడగొద్దని ఎవరూ చెప్పకపోవడం వల్ల అడుగుతారు. పై మెసేజ్‌లోని చివరి వాక్యం పని చేసేది ఇక్కడే. అదే మాట అప్లికేషన్ మీద కూడా రాయండి. వెరిఫికేషన్ ఫారమ్‌లో ప్రస్తుత యజమానిని సంప్రదించవచ్చా అన్న గడి ఉంటే "వద్దు, రిలీవ్ అయ్యాక మాత్రమే" అని నింపండి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఏజెన్సీవాళ్లు అవుననే అనుకోవచ్చు. రిఫరెన్సులకు ప్రస్తుత టీఎల్ పేరు రాయకండి. మీ కంపెనీ వదిలి వెళ్లిపోయిన పాత టీఎల్, సీనియర్లు ఉంటారు. ముందు వాళ్లకు ఫోన్ చేసి, ఒప్పుకుంటేనే పేరివ్వండి.

పీఎఫ్ భయం వదిలేయండి. మీరు ఎక్కడ అప్లై చేశారో, ఏ ఇంటర్వ్యూకు వెళ్లారో యూఏఎన్ (మీ పీఎఫ్ నంబర్) రికార్డులో ఎక్కడా కనపడదు. అందులో కనపడేది మీ సర్వీసు: ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది. అందుకే రెజ్యూమెలో ఏదైనా చిన్న ఉద్యోగాన్ని దాచి ఉంటే కొత్త కంపెనీకి అది దొరుకుతుంది. పాత కంపెనీలో రిలీవ్ కాకముందే కొత్త చోట చేరితే రెండు చోట్లా తేదీలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ పొరపాటు చేయొద్దు.

మీ మేనేజర్ సూటిగా "బయట చూస్తున్నావా?" అని అడిగే రోజు రావచ్చు. "లేదు సార్" అంటే, రెండు నెలలకు రాజీనామా ఇచ్చినప్పుడు ఆయన ముఖం చూడలేరు. "అవును" అంటే వచ్చే ఇంక్రిమెంటులో మీ పేరు కిందికి జారవచ్చు. "మూడేళ్లుగా ఇదే హోదాలో ఉన్నాను కదా సార్, మంచి అవకాశం వస్తే ఎవరైనా ఆలోచిస్తారు. ఇప్పటికైతే మీకు చెప్పాల్సింది ఏమైనా ఉంటే మొదట మీకే చెప్తాను" అనండి. ఇది అబద్ధం కాదు, ఒప్పుకోలూ కాదు. పైగా ప్రమోషన్ మాట ఆయన చెవిన పడుతుంది, ఒక్కోసారి అదే పని చేస్తుంది కూడా.

అరవై రోజుల నోటీసు. "ముప్పై రోజుల్లో చేరగలరా?" అని ప్రతి హెచ్‌ఆరూ అడుగుతారు, ఆశతో సరేననేస్తారు. ముందు అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి నోటీసు పేరా చదవండి. మిగిలిన రోజులకు డబ్బు కట్టి వెళ్లే వీలు మీ ఇష్టమా, యాజమాన్యం ఇష్టమా? కోత బేసిక్ మీదా, గ్రాస్ మీదా? మీ బేసిక్ 18,000, గ్రాస్ 42,000 అనుకుందాం. ముప్పై రోజులు పనిచేసి ముప్పై రోజులు కట్టాల్సి వస్తే, మొదటి లెక్కలో 18,000, రెండో లెక్కలో 42,000. ఈ 24,000 తేడా తెలియకుండా జీతం మాట్లాడటం చీకట్లో బేరమాడటమే. కొత్త కంపెనీ భరిస్తానంటే ఆఫర్ లెటర్లో రాయించుకోండి. అదే ఆర్డర్లో బాండు ఉందేమో కూడా చూడండి. తర్వాత ఇదే రంగంలో ఎక్కడా చేరకూడదన్న షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు గానీ, కనీస సర్వీసు బాండు సంగతి వేరు. మూడేళ్లు నిండకుండా వెళ్లినందుకు రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది.

ఫోన్లో "కంగ్రాచ్యులేషన్స్" అన్నారని రాజీనామా ఇవ్వకండి. హోదా, పనిచేసే చోటు, సీటీసీ విడివిడి లెక్క, చేరాల్సిన తేదీ ఉన్న ఆఫర్ లెటర్ చేతికి రావాలి. మందుల కంపెనీల్లో చేరేముందు వైద్య పరీక్ష కూడా ఉంటుంది. విజువల్ ఇన్‌స్పెక్షన్ లాంటి పనులకు రంగులు గుర్తుపట్టే పరీక్ష పెడతారు. అది కూడా రాజీనామాకు ముందే పూర్తి చేయమని అడగండి. అంతవరకు రూమ్మేట్లకు, ఊళ్లో మేనమామకు, కాలేజీ వాట్సాప్ గ్రూపుకు ఎవరికీ చెప్పొద్దు. స్వీట్లు తర్వాత పంచుకోవచ్చు.

రాజీనామా కాగితం ఇచ్చి ఊరుకోకుండా మెయిల్ కూడా పెట్టి, అందిందన్న జవాబును సొంత మెయిల్లో భద్రపరచుకోండి. మీ పేరు మీద ఉన్న ఓఓఎస్ విచారణలు, సంతకం పడని లాగ్‌బుక్ పేజీలు, సగంలో ఉన్న వ్యాలిడేషన్ రిపోర్టు ఆ అరవై రోజుల్లో ముగించండి. నో డ్యూస్ ఫారమ్ మీద క్యూఏ (నాణ్యత హామీ విభాగం) సంతకం చాలామందికి ఆగేది అక్కడే. కొత్త చోట చేరే తేదీ రిలీవింగ్ తేదీకి కనీసం వారం తర్వాత పెట్టించుకోండి. వెళ్లిపోయాక పీఎఫ్‌లో మానేసిన తేదీ పాత కంపెనీ వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.